గొడ్డలి ఎవరిది?

మెల్‌బోర్న్ నుంచి ఉత్తరంగా కారులో గంటకు పైగా వెళితే లాన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడికి దగ్గరలో మౌంట్ విలియం అనే కొండ ఉంది. దూరం నుంచి చూస్తే అందులో విశేషమేమీ కనిపించదు. ఎండిన గడ్డి, అక్కడక్కడా యూకలిప్టస్ చెట్లు, నేలలోంచి పొడుచుకువచ్చిన పచ్చనలుపు బండలు, అంతే. దగ్గరికి వెళ్ళాక ఆ బండల చుట్టూ మనుషులు తవ్విన గుంటలు వందలకొద్దీ కనిపిస్తాయి. గుంటల పక్కన రాతిపెచ్చులు కుప్పలుగా పడి ఉంటాయి. అవి తరతరాలుగా గొడ్డళ్ళు చేసినవాళ్ళు చెక్కి వదిలేసిన పెచ్చులు. ఈ నేలకు హక్కుదారులైన వురుంజెరి ప్రజలు ఈ చోటును విల్-ఇమ్-ఈ మూర్-రింగ్ అంటారు. గొడ్డలి ఉండే చోటు అని దాని భావం. 2008లో దీన్ని ఆస్ట్రేలియా జాతీయ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. 2012లో భూమి తిరిగి వురుంజెరివారి పేరిట వచ్చింది. వారి అనుమతి లేకుండా, వారి మనిషి వెంట లేకుండా ఇక్కడ అడుగుపెట్టకూడదు.

నేను అనుమతి తీసుకునే వెళ్ళాను. మార్గదర్శిగా వచ్చినామె మొదట చెప్పిన మాట ఒక్కటే: చూడండి, కావాలంటే చేత్తో పట్టుకోండి, ఒక్క పెచ్చు కూడా జేబులో వేసుకోకండి. ఆ మాట వినగానే నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

మాది అనంతపురం జిల్లాలో బళ్ళారి వైపున్న ఒక మెట్ట ఊరు. నా చిన్నప్పుడు మా వీధి మొత్తానికి మంచి గొడ్డలి ఒకటే ఉండేది, అదీ మా ఇంట్లో. తుమ్మకర్ర కామ, కమ్మరి కొలిమిలో ఏటా పదును పెట్టించిన అలుగు. దానిమీద అజమాయిషీ మా అవ్వది. ఎవరింట్లోనైనా పెళ్ళి వచ్చినా, మొద్దులు చీల్చాల్సి వచ్చినా వాకిట్లో నిలబడి, “అవ్వా, గొడ్డలి ఇయ్యి, మాపటికి తెచ్చిస్తా” అని అడిగేవారు. ఆమె ఎన్నడూ లేదనలేదు. కానీ అడగకుండా ఎవరూ తీసుకునేవారు కాదు. ఆ గొడ్డలి మూలంగానే ఎవరింట్లో పెళ్ళో, ఎవరింటి దూలం విరిగిందో అవ్వకు తెలిసేది.

గొడ్డలికి చరిత్ర రాసేవారు సాధారణంగా పదును గురించే రాస్తారు. రాయి ఎప్పుడు రాగి అయింది, రాగి ఎప్పుడు ఇనుమైంది అన్నదే ఆ చరిత్ర. దాన్ని ఎవరు ఇచ్చారు, ఎవరిని అడిగి తీసుకోవాలి అన్నది అందులో కనిపించదు. ఆస్ట్రేలియా గొడ్డలి కథలో అసలు విషయం ఇదేనని నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ ఆలస్యంలో నా తప్పు కూడా కొంత ఉంది. ఆ సంగతి తరువాత చెబుతాను.

ముందుగా పదును సంగతి చూద్దాం. మేం బడిలో చదువుకున్న చరిత్ర పాఠంలో పాత రాతియుగం అంటే చెక్కిన రాయి, కొత్త రాతియుగం అంటే నూరిన రాయి. నూరిన గొడ్డలి, వ్యవసాయం, పశుపోషణ కలిసే వచ్చాయని గురువులు చెప్పారు. మన ప్రాంతానికి ఆ పాఠం సరిపోతుంది. బళ్ళారి పక్కనున్న సంగనకల్లు-కుప్పగల్లు కొండల్లో క్రీ.పూ. రెండవ సహస్రాబ్దిలో డోలరైట్ రాతితో గొడ్డళ్ళు తయారుచేసిన పెద్ద కార్యస్థలం ఉండేది. దక్షిణ భారత ప్రాక్చరిత్ర అధ్యయనానికి పునాది వేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ పందొమ్మిదవ శతాబ్దంలోనే బళ్ళారి ప్రాంతపు రాతి గొడ్డళ్ళ గురించి రాశాడు. అక్కడి మనుషులు పశువులను మేపారు, పంటలు పండించారు, గొడ్డళ్ళు నూరారు.

ఆస్ట్రేలియా ఈ పాఠాన్ని తలకిందులు చేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతంలో, బునుబా ప్రజల నేలమీద, కార్పెంటర్స్ గ్యాప్ అనే కొండగుహ ఉంది. అక్కడ 1990ల తొలి సంవత్సరాల్లో సూ ఓకానర్ తవ్వకాలు జరిపింది. దొరికినవాటిని చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ పరిశీలించినప్పుడు బొటనవేలి గోరంత బసాల్టు పెచ్చు ఒకటి బయటపడింది. దాని ఉపరితలం నున్నగా నూరి ఉంది. అది ఒక గొడ్డలి అంచునుంచి ఊడిపడిన ముక్క. 2016లో పీటర్ హిస్కాక్, ఓకానర్ తదితరులు దాని వయసు 44,000 నుంచి 49,000 సంవత్సరాల మధ్య ఉంటుందని ప్రకటించారు. ఉత్తర ప్రాంతంలోని నవర్లా గబర్న్‌మంగ్‌లో దొరికిన మరో ముక్క వయసు సుమారు 35,000 ఏళ్ళు. 2017లో మజెడ్‌బెబె గుహనుంచి ఇంకా పాత గొడ్డళ్ళను ప్రకటించారు. వాటికి చెప్పిన 65,000 ఏళ్ళ కాలనిర్ణయం మీద చర్చ ఇంకా సాగుతూనే ఉంది. జపాన్‌లో కూడా 30,000 ఏళ్ళకు పైబడిన నూరిన గొడ్డళ్ళు దొరికాయి. అంటే నాగలి పట్టడానికి ఎన్నో వేల ఏళ్ళ ముందే, నాగలితో సంబంధం లేకుండానే, మనిషి గొడ్డలిని సానబట్టి కామకు బిగించాడు. ఆస్ట్రేలియాకు “రాతియుగపు ఖండం” అని పేరుపెట్టి వెనుకబాటుకు గుర్తుగా చూపిన వస్తువే ఆ ఖండపు తొలి ఆవిష్కరణల్లో ఒకటి కావడం గమనించదగ్గది.

ఖండపు ఆగ్నేయ భాగానికి నూరిన గొడ్డలి చాలా ఆలస్యంగా, గత కొన్ని వేల ఏళ్ళలోనే చేరింది. మౌంట్ విలియం రాయి సుమారు 50 కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వత శిల. గట్టిగా ఉంటుంది, చెక్కితే మాట వింటుంది. గుంటలో రాయిని పగలగొట్టి గొడ్డలి ఆకారానికి చెక్కేవారు. ఆ తరువాత ఇసుకరాతి మీద నీళ్ళు పోస్తూ అంచును గంటలతరబడి నూరేవారు. వేడిచేసి వంచిన కర్రను రాతిచుట్టూ తిప్పి, నారతోనో జంతువుల స్నాయువుతోనో బిగించి, బంకతో అతికించేవారు. చెట్టెక్కడానికి మెట్లు కొట్టడం, తొర్రలోని పోసమ్‌ను పట్టడం, తేనెపట్టు దించడం, బెరడు ఒలిచి పడవో డాలో చేయడం, అన్నిటికీ అదే పనిముట్టు. మెల్‌బోర్న్‌లో క్రికెట్ చూడడానికి ఎం.సి.జి.కి వెళ్ళే మనవాళ్ళు చాలామంది యారా పార్కులో నడిచే వెళతారు. అక్కడ బెరడు ఒలిచిన మచ్చలున్న పాత రెడ్‌గమ్ చెట్లు ఇంకా ఉన్నాయి. స్టేడియం పునాదులకన్నా పాత మచ్చలవి.

ఇక ఎవరిని అడగాలన్న సంగతి. ఆల్ఫ్రెడ్ హోవిట్ 1904లో ప్రచురించిన పుస్తకంలో ఈ గని గురించి వురుంజెరి పెద్ద విలియం బరాక్ చెప్పిన వివరం ఉంది. బరాక్ చిన్నతనంలో ఈ గని బాధ్యత బిల్లీబెలెరి అనే పెద్దది. రాయి కావలసిన ఇరుగుపొరుగు జాతులు ముందుగా అతనికి కబురంపేవి. వచ్చినవారు దగ్గర్లో విడిది చేసి, పోసమ్ చర్మపు దుప్పట్లవంటివి ఇచ్చి రాయి తీసుకువెళ్ళేవారు. ఎవరూ తమంతట తాము తవ్వుకోకూడదు.

ఒకసారి ఆ నియమం తప్పింది. పడమటనున్న వాథరాంగ్ జాతి యువకుడొకడు అడగకుండా రాయి పట్టుకుపోయాడు. రెండు జాతులవారూ తమ సరిహద్దు అయిన వెరిబీ నది దగ్గర ఎదురెదురుగా కూర్చున్నారు. ఇతన్ని మీరే పంపారా అని బిల్లీబెలెరి అడిగాడు. వాథరాంగ్ పెద్ద లేదన్నాడు. అయితే ఇకమీదట ఇలా చేయవద్దని ఆ కుర్రవాడికి చెప్పండి, రాయి కావాలంటే పెద్దలు మాకు కబురు చేయండి అన్నాడు బిల్లీబెలెరి. వాథరాంగ్ పెద్ద సరేనని తన మనిషిని మందలించాడు. తగవు అక్కడితో ముగిసింది. ఒక్క దెబ్బ పడలేదు. ఆయుధంగానూ పనికొచ్చే వస్తువు మీద వచ్చిన తగవు మాటతోనే తీరింది.

ఈ నియమం నేలమీద ఎంత బలంగా పనిచేసిందో చూపినవారు పురావస్తు శాస్త్రవేత్త ఇసబెల్ మెక్‌బ్రైడ్. ఆమె గత శతాబ్దపు రెండవ భాగంలో ఆగ్నేయ ఆస్ట్రేలియా అంతటా దొరికిన గొడ్డళ్ళ రాతిని పరీక్షించి, ఏది ఏ గనిదో గుర్తించి పటం గీశారు. మౌంట్ విలియం రాయి వందల కిలోమీటర్ల దూరం వెళ్ళింది. దారిలో వేరే మంచి రాయి దొరికే చోట్లకు కూడా వెళ్ళింది. కానీ తూర్పునున్న గిప్స్‌లాండ్‌లో అది దాదాపుగా కనిపించదు. అక్కడి గునైకుర్నై ప్రజలకూ, వురుంజెరివారు భాగమైన కులిన్ జాతులకూ పాత వైరం. రాయి ఎంత దూరం వెళ్ళాలన్నది దారి పొడవును బట్టి కాక చుట్టరికాన్ని బట్టి తేలింది. మెక్‌బ్రైడ్ గీసినది గొడ్డళ్ళ పటమే అయినా అందులో కనిపించేది ఎవరికి ఎవరితో మాటలున్నాయన్న సంగతి.

ఈ ఏర్పాటులోకి 1835లో ఇనుప గొడ్డలి లెక్కపత్రంగా వచ్చింది. ఆ ఏడు జూన్ 6న టాస్మేనియా నుంచి వచ్చిన జాన్ బాట్మన్ కులిన్ పెద్దలతో ఒప్పందపత్రాలు చేసుకున్నాడు. సుమారు ఆరు లక్షల ఎకరాలు కొన్నానని అతని వాదన. ప్రస్తుత మెల్‌బోర్న్ ప్రాంతానికి సంబంధించిన పత్రంలోని వెల: దుప్పట్లు, కత్తులు, కత్తెరలు, అద్దాలు, పిండి, వాటితోపాటు 30 చిన్న గొడ్డళ్ళు. ఆపైన ఏటా ఇవ్వవలసిన వాటిలో మరో 100 గొడ్డళ్ళు. పత్రంమీద ఉన్న పెద్దల్లో బిల్లీబెలెరి ఒకడని చరిత్రకారులు భావిస్తారు. పరాయివారు కొంతకాలం తమ నేలమీద ఉండి నీరు తాగడానికి అనుమతినిచ్చే తాండెరమ్ అనే ఆచారం కులిన్ జాతుల్లో ఉంది. ఆ రోజు తాము చేస్తున్నది అదేనని వారు అనుకొని ఉండవచ్చు. రాతి గొడ్డలి విషయంలో వారికి తెలిసినది ఒక్కటే: అడిగినవాడు కానుక తెస్తాడు, ఇచ్చినవాడు పెద్దగానే మిగులుతాడు. బాట్మన్ దృష్టిలో కానుక ఇచ్చాక నేల తనది.

ఆగస్టు 26న గవర్నర్ బూర్క్ ఈ పత్రాలు చెల్లవని ప్రకటించాడు. మోసం జరిగిందన్నది కారణం కాదు. భూమి బ్రిటిష్ రాజ్యానిది గనుక దాన్ని అమ్మే హక్కు ఇక్కడివారికి లేనే లేదన్నది ఆ ప్రకటన సారం. బాట్మన్ కనీసం అడిగినట్టు కాగితం రాశాడు. బూర్క్ ప్రకటనతో ఆ అడగడం కూడా పోయింది. గని పెద్ద బిల్లీబెలెరి 1846లో కన్నుమూశాడు. అప్పటికి మెల్‌బోర్న్ వయసు పదకొండేళ్ళు. మశూచి అంతకుముందే వచ్చింది, ఆ తరువాత గొర్రెల మందలు, తుపాకులు వచ్చాయి. మౌంట్ విలియం గుంటలు నిశ్శబ్దమయ్యాయి.

వలసవచ్చినవారి చేతిలో గొడ్డలే హక్కుపత్రం అయింది. 1860ల నుంచి విక్టోరియాలో వచ్చిన భూమి చట్టాల కింద స్థలం తీసుకున్నవాడు అక్కడే ఉండి, కంచె వేసి, సాగుచేసి చూపితేనే భూమి అతనికి స్థిరపడేది. చెట్టు కొట్టడమే “అభివృద్ధి” అయింది. ఆ పనిలోంచే ఒక క్రీడ కూడా పుట్టింది. 1891లో టాస్మేనియాలోని లాట్రోబ్‌లో చెట్టుమొద్దులు నరికే ప్రపంచ పోటీ జరిగింది. ఇప్పటికీ ఇక్కడి వ్యవసాయ ప్రదర్శనల్లో తెల్లబనియన్లు వేసుకున్న పోటీదారులు మొద్దులు నరుకుతుంటే పిల్లలు చప్పట్లు కొడతారు. మా పిల్లలూ కొట్టారు. ఆ నైపుణ్యం నిజమైనదే. ఆ గొడ్డలి ఎవరి చెట్టుమీద పదును నేర్చుకుందన్న ప్రశ్నా నిజమైనదే.

ఇక నా తప్పు సంగతి. ఆస్ట్రేలియా గొడ్డళ్ళ గురించి ప్రపంచమంతటా చెప్పుకునే కథ మౌంట్ విలియంది కాదు, యిర్ యొరొంట్ ప్రజలది. వారిది ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని కేప్ యార్క్ పడమటి తీరం. లారిస్టన్ షార్ప్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞుడు 1933–35లో వారిమధ్య ఉండి, 1952లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఆ తీరంలో గొడ్డలికి పనికొచ్చే రాయి దొరకదు. దక్షిణాన వందల మైళ్ళ దూరంలోని గనులనుంచి చేతులు మారుతూ వచ్చేది. బదులుగా టేకిచేప ముల్లు బిగించిన ఈటెలు వెళ్ళేవి. తీరంలో ఒక గొడ్డలికి డజను ఈటెలు, నూటయాభై మైళ్ళు లోపలికి వెళితే ఒక గొడ్డలికి ఒకే ఈటె. గొడ్డలి పురుషుడి సొత్తు. వంటచెరకు కొట్టేది స్త్రీలు కనుక వారే దాన్ని ఎక్కువగా వాడేవారు, కానీ ప్రతిసారీ భర్తనో అన్ననో అడిగి తీసుకోవాలి. ఆ తరువాత క్రైస్తవ మిషన్ వచ్చింది. ఇనుప గొడ్డళ్ళను స్త్రీలకూ యువకులకూ కూడా పంచింది. మిషన్‌కు దూరంగా ఉన్న వృద్ధులు తమ గొడ్డలి తామే ఆడవారిని, కుర్రవారిని అడుక్కోవలసి వచ్చింది. పెద్దరికం, వర్తకం, కథలు, విశ్వాసాలు వరుసగా సడలాయని షార్ప్ నిర్ధారణ. గొడ్డలి కానుకే గొడ్డలిపెట్టు అయిందన్నమాట.

ఎవరెట్ రోజర్స్ రాసిన ప్రసిద్ధ గ్రంథం ద్వారా ఈ కథ ప్రజారోగ్య పాఠాల్లోకి కూడా వచ్చింది. కొత్త వస్తువును సమాజంలో ప్రవేశపెట్టేముందు పర్యవసానాలు ఆలోచించాలన్నది నీతి. నేనూ అలాగే నేర్చుకున్నాను. మారుమూల ప్రాంతాలకు పనికి వెళ్ళే యువవైద్యులకు ఏళ్ళతరబడి అలాగే చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కథ చక్కగా పండేది. అంత చక్కగా ఎందుకు పండుతోందో నేను ఆలోచించలేదు.

షార్ప్ వ్యాసాన్ని మొదటినుంచి చివరిదాకా చదివినప్పుడు నాకు తట్టినది వేరు. 1864 డిసెంబరులో పశువుల మందలతో ఆ దారిన వెళ్ళిన జార్డిన్ సోదరుల బృందం మిచెల్ నది దగ్గర అక్కడివారిపై కాల్పులు జరిపింది. సుమారు ముప్పైమందిని చంపామని వారే రాసుకున్నారు. ఈ సంగతి షార్ప్ వ్యాసంలోనే ఉంది. కానీ నేను చెప్పే కథలో తుపాకీ ఎన్నడూ రాలేదు, గొడ్డలే వచ్చింది. నేల పోవడం, పిల్లలు మిషన్ అదుపులోకి పోవడం రాలేదు. దయగల చేతులు ఆలోచించకుండా ఇచ్చిన ఒక వస్తువు మాత్రమే వచ్చింది. ఈ కథలో తప్పు వస్తువుది, అమాయకత్వం ఇచ్చినవాడిది, బలహీనత పుచ్చుకున్నవాడిది. వినేవాడికి సుఖంగా ఉండే కథ. రోగి ఎందుకు చనిపోయాడని అడిగితే చివరగా ఇచ్చిన మాత్ర పేరు చెప్పి ఊరుకున్నట్టుంది. అంతకుముందు అయిన గాయాల సంగతి కేసు కాగితంలో లేదు.

మరొకటి. ఈ కథ వృద్ధపురుషుడి వైపునుంచే సాగుతుంది. ప్రతి పొద్దూ కట్టెలకోసం ఒకరిని అడగవలసిన స్త్రీకి సొంత గొడ్డలి రావడం ఎలా ఉండి ఉంటుంది? మా ఇంట్లో గొడ్డలి అజమాయిషీ అవ్వది గనుక అడగడంలోని ఆత్మీయతే నాకు గుర్తుంది. వాకిట్లో నిలబడి అడిగినవారికి ఏం గుర్తుందో నాకు తెలియదు. గ్యాసుబండ వచ్చాక మా వీధిలో గొడ్డలి అడిగేవారు లేకపోయారు. అది అటకెక్కి తుప్పుపట్టింది. అందువల్ల మా ఊరి సమాజం కూలిపోయిందని ఎవరూ వ్యాసం రాయలేదు. ఆడవాళ్ళ కళ్ళకు పొగ తప్పింది, ఊపిరితిత్తులకు మేలు జరిగింది. ఆ మార్పులో మా ఊరివాళ్ళ నేల మా ఊరివాళ్ళ దగ్గరే ఉంది. గ్యాసు తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకున్నారు. తేడా అక్కడుంది.

దీనికి మన నేలమీద కూడా ఉదాహరణ ఉంది. తూర్పు కనుమల్లో కొండరెడ్లు, కోయలు గొడ్డలితో పొదలు, చెట్లు కొట్టి, కాల్చి, ఆ బూడిదలో విత్తనం వేసి పోడు చేసేవారు. వారి గొడ్డలి ఎప్పటినుంచో ఇనుపదే. దానివల్ల వారి కథలూ పెద్దరికాలూ చెడలేదు. 1882 మద్రాసు అడవుల చట్టం వచ్చాక అదే గొడ్డలి, అదే చెట్టు, అదే మనిషి, కానీ ఆ పని నేరమైంది. అడగవలసిన పెద్ద ఊళ్ళో కాక కచేరీలో ఉన్నాడు. 1922–24లో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం తిరగబడడానికి గల కారణాల్లో పోడుమీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టిచాకిరి ముఖ్యమైనవి. అడవిమీద వారికి హక్కు ఉందని దేశం చట్టంగా రాయడానికి 2006 దాకా పట్టింది. ఇనుము కొత్తదైన కేప్ యార్క్‌నూ, ఇనుము పాతదైన మన్యాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండుచోట్లా కామన్‌గా ఉన్నది గొడ్డలి కాదు, అనుమతి ఎవరి చేతిలో ఉందన్నదే.

అవ్వ మాకు గొడ్డలి కథ చెప్పేది. ఈసపు నుంచి మన పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడినుంచి వాకిళ్ళలోకి వచ్చిన కథే. కట్టెలు కొట్టేవాడి గొడ్డలి ఏట్లో పడుతుంది, దేవత బంగారు గొడ్డలి తెచ్చి ఇది నీదేనా అని అడుగుతుంది. అతని నిజాయితీయే నీతి అని బడిలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇప్పుడు నాకు ఆ దేవతే ఎక్కువ గుర్తొస్తోంది. ఏటి అడుగునుంచి బంగారం తేగల శక్తి ఉండి కూడా ఆమె ముందు అడిగింది. అతను కాదన్నప్పుడు విన్నది. వెరిబీ నది ఒడ్డున బిల్లీబెలెరి చేసినదీ అదే. ముందు అడిగాడు, తరువాత విన్నాడు.

యువవైద్యులకు ఇప్పటికీ యిర్ యొరొంట్ కథ చెబుతున్నాను. దానితోపాటు మిచెల్ నది కాల్పుల సంగతి చెబుతున్నాను, వెరిబీ ఒడ్డున జరిగిన సమావేశం సంగతీ చెబుతున్నాను. కథ మునుపటంత చక్కగా పండడం లేదు. వినేవారు ప్రశ్నలు ఎక్కువ వేస్తున్నారు.

ఆ రోజు మౌంట్ విలియం మీద ఒక పెచ్చును కాసేపు అరచేతిలో పట్టుకున్నాను. ఒక అంచు ఇంకా చర్మానికి గీరుకునేంత వాడిగా ఉంది. ఎక్కడనుంచి తీశానో అక్కడే పెట్టేయమని మార్గదర్శి చెప్పింది. సరిగ్గా ఏ చోటో గుర్తులేక రెండుసార్లు తడుముకున్నాను. ఆమె వంగి చోటు చూపించింది. అక్కడే పెట్టి కిందికి దిగాను.